పన్నెండో బిళ్ళగన్నేరు

జూన్ 1. ఉదయం 6.
చెప్పేది నేను, రాసేది కోడలు. నాకు అక్షరం రాదు, మాటకు మాత్రం కరువు లేదు. ముప్పై ఏళ్ళుగా దాచుకొస్తున్న నా బిళ్ళగన్నేరు విత్తనం పరీక్షకెక్కింది! పెరట్లో అరవై మొక్కలు. గెలిస్తే మందుల కంపెనీ తోటంతా నా విత్తనమే. అక్కడి మొక్కల డాక్టరు షరతు ఒక్కటే: "రెండు నెలలు ఒక్క మొక్కా పీకొద్దు మామ్మగారూ. పొట్టీ పొడుగూ అన్నీ ఉండాలి. తేడాలుంటేనే ఏ గుణం తల్లి నుంచి పిల్లకొస్తుందో తేలేది."
ఒట్టు. పీకను.

జూన్ 2.
పీకలేదు!

జూన్ 3.
పీకలేదు. పన్నెండోది మరీ పొట్టి. మొహం అటు తిప్పుకుని నీళ్ళు పోశాను.

జూన్ 9.
పన్నెండోది పోయింది. పీకలేదు, కాస్త లాగి చూశాను. వేళ్ళకే బతకాలని లేకపోతే నేనేం చెయ్యను?

జూన్ 20.
ఇంకో తొమ్మిది. తెగులు అనుమానం: నాలుగు. వంకర: మూడు. వాలకం నచ్చలేదు: రెండు.
"ఒట్టేశారుగా అత్తయ్యా!"
"పొట్టి తల్లికి పొట్టి పిల్లలే. నీ పెళ్ళిచూపుల్లోనే మావాడికి చెప్పాను, విన్నాడా?"
ఇదీ రాయమన్నాను. కాగితం చిరిగేలా రాసింది.

జూలై 12.
మిగిలినవి ముప్పై ఒకటి. అన్నీ ఒకే ఎత్తు! పూటకి ఒక చెంబు ఎక్కువే పోస్తున్నాను. కన్నపిల్లలకి పెట్టుకోవడం కూడా తప్పేనా?

ఆగస్టు 1. ఉదయం 10.
డాక్టరు టేపు తెచ్చాడు. నాలుగు కొలిచి చుట్టేశాడు.
"అన్నీ ఒకేలా ఉంటే ఏం తేల్చను? అసలీ ఎత్తు విత్తనానిదా, మీ చెంబుదా?"
"నా పెంపకానిది!"
"పెంపకం విత్తనంలోకి దిగదు మామ్మగారూ."
చెంబు కొంగు చాటున దాచేశాను.
అప్పుడు కోడలు స్నానాల గది వెనక నుంచి పగిలిన బకెట్ ఒకటి మోసుకొచ్చింది. పన్నెండోది! చెత్తలోంచి ఏరి నాటిందట. జానెడు లేదు, కాండం కనబడనంత ఆకు. డాక్టరు ఆకులు మూడుసార్లు లెక్కపెట్టాడు.
"మందు ఉండేది ఆకులో, ఎత్తులో కాదు. దీని విత్తనం వేద్దాం. ఈ గుణం పిల్లలకి దిగుతుందో లేదో చూడాలి. ఎవరు చూసుకుంటారు?"
"నేను! ఈవిడ చెయ్యి పడనిస్తే ఒట్టు!" అంది కోడలు నడుం మీద చెయ్యేసుకుని.
అచ్చం నా గొంతు! నా కొడుకు నా కడుపున పుట్టి కూడా నోరు విప్పడు. ఇది పుట్టలేదు, నా పెరట్లో పదేళ్ళు పెరిగిందంతే.

ఆగస్టు 2. ఉదయం 6.
మళ్ళీ ఒట్టు. పొట్టిదాని జోలికి వెళ్ళను.
"ఏ పొట్టిది?" అంది కోడలు.
రెండూ అని రాయమన్నాను.

ఉదయం 7.
బకెట్‌లో ఒక కొమ్మ మరీ వంకరగా ఉంది.