పదిన్నర, ఏడాది అటూ ఇటూ

అక్కయ్యకు నమస్కారాలు. సోమవారం ఒక పిల్లను మీ ఊరి అనాథాశ్రమానికి పంపవచ్చు, అందుకే ఈ కార్డు. వరదలో అమ్మానాన్నలు పోయిన పిల్లలను ఇక్కడ చర్చివారు సాకుతున్నారు. కాగితాలన్నీ కొట్టుకుపోయాయి కనుక పళ్లు చూసి వయసు రాయడం నా పని. పదేళ్లు దాటినవారికి ఇక్కడ చోటు లేదు, మీ ఊరికి పంపేస్తారు. చెల్లెలి చెయ్యి వదలకుండానే నోరు తెరిచిన ఆ పిల్ల, "నాకు తొమ్మిదేనండీ, పళ్లే తొందరపడ్డాయి" అంది. పళ్లు పదిన్నర అంటున్నాయి. ఎప్పుడూ ఒక్క అంకె రాసి ఊరుకునేవాణ్ణి. ఈసారి ఏడాది అటూ ఇటూ కావచ్చన్న నిజం కూడా రాశాను. "ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదు డాక్టరుగారూ?" అన్నారు పిల్లల్ని చూసుకునే చర్చి సిస్టరుగారు. సంతకం పెట్టి కాగితం ఆవిడ చేతికిచ్చాను.

అమ్మ కంట్లో చుక్కలు వేయించుకుంటోందా? పిల్ల అక్కడికి వస్తే ఆదివారాలు వెళ్లి చూడు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. చర్చి పైవారు ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకుంటారో లేదో ఇంకా తెలియదు.

నీ తమ్ముడు