ఎర్ర లైటు వెలగదు గాక వెలగదు

అక్టోబర్ 11, శనివారం
పోర్ట్‌లీష్ దాకా వెళ్ళి స్పీకర్లు తెచ్చేశా! ఆంప్లిఫయర్ కూడా. సెకండ్ హ్యాండే, కానీ చూడ్డానికి రెండు బీరువాల్లా ఉన్నాయి. అమ్మిన పెద్దాయన ఆంప్లిఫయర్ మీదున్న చిన్న ఎర్ర లైటు చూపించాడు. అది వెలిగిందంటే సౌండ్ చిరుగుతున్నట్టట. అలాగే వదిలేస్తే స్పీకర్లో పైనుండే చిన్నది, ట్వీటర్, మాడిపోతుందట. సన్నని శబ్దాలన్నీ దాని పనే.

ప్రతిజ్ఞ: ఎర్ర లైటు వెలగదు గాక వెలగదు! సౌండ్ పెంచే నాబ్ సగం దాటదు!

కారణం మా అమ్మాయి ఆశ్రిత. పదమూడేళ్ళు. పోయిన ఉగాది ఫంక్షన్లో నేను పెంచిన సౌండ్‌కి దాని వయొలిన్ మిక్సీలో శనగపప్పు వేసినట్టు మోగింది. జనం నవ్వారు. అప్పట్నుంచి స్టేజీ ఎక్కనంటోంది. వచ్చే శనివారం మా ఊరు బాలింకాలిగ్ హాల్లో ఇక్కడి తెలుగువాళ్ళ దీపావళి ఫంక్షన్. ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"నో రెడ్ లైట్, డాడీ. ప్రామిస్?"

ప్రామిస్!

అక్టోబర్ 12, ఆదివారం
నాబ్ సగంలో. ఆహా! తబలా మీద వేలు జారడం కూడా వినపడుతోంది. నలభై ఎనిమిదేళ్ళు వృథా చేశాను.

సాయంత్రం ఆశ్రిత ఫోన్‌తో మా చెవులకి పరీక్ష పెట్టింది. కీచుమనే శబ్దం, పోను పోను సన్నగా పైకి పోతుంది. తనకి పదిహేడు వేల హెర్ట్జ్ దాకా వినపడింది. నాకు పదకొండు వేల దగ్గర ఆగిపోయింది. ఫోన్ పాడైనట్టుంది అన్నా.

మా ఆవిడ మృదుల డాక్టరు. జాలీ దయా లేకుండా చెప్పింది. "ఫోన్ బాగానే ఉంది. వయసు పెరిగితే పై శబ్దాలే ముందు పోతాయి. నాకు పన్నెండు వేలు." ఆ ఒక్క వెయ్యి ఎక్కువని అన్నం తిన్నంతసేపూ మురిసిపోయింది.

అక్టోబర్ 14, మంగళవారం
ఆశ్రిత స్కూల్ టూర్‌కి వెళ్ళింది. శుక్రవారం వస్తుంది. నాబ్ సగంలోనే. ఎవరూ చూడకపోయినా! నా మీద నాకే గౌరవం పెరిగింది.

అక్టోబర్ 15, బుధవారం
రంగనాథ్ అంకుల్ రిహార్సల్‌కి మా ఇంటికి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, కార్క్‌లో కొడుకు దగ్గరుంటారు. ప్రతి ఫంక్షన్‌కీ నాటకం పద్యం ఆయనదే. మైకుని పట్టుకోరు, కొరుకుతారు.

"ఇదేం సౌండోయ్ హేమచంద్? చెవిలో రహస్యం చెప్పినట్టుంది! పద్యమంటే ఆఖరి కుర్చీలో వాడు అదిరిపడాలి."

సగం దాటడం కుదరదంకుల్ అన్నా. గట్టిగానే అన్నా.

అయినా సగమంటే మరీ స్కేలు పెట్టి కొలిచిన సగమా? కొంచెం అటూ ఇటూ కూడా సగమే.

పద్యం చివర రాగం ఎత్తుకున్నారు. లైటు మిణుకుమంది. మిణుకుమంటే వెలిగినట్టు కాదు. రాగం ఇంకా పోతూనే ఉంది. లైటు మిణుకు మానేసి నిలకడగా వెలిగింది. తగ్గిద్దామనే నాబ్ మీద చెయ్యి వేశా. ఈలోపు ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు.

ఎవరో కాదు, నేనే. పద్యం విని వన్స్ మోర్ అనకపోవడం మా ఇంటావంటా లేదు.

రెండోసారి ఇంకా బాగా పాడారు. నాబ్ కూడా సహకరించింది. మధ్యలో కాస్త మాడు వాసన. మృదుల పోపు మాడ్చినట్టుంది.

అక్టోబర్ 16, గురువారం
అద్భుతం! స్పీకర్లు నలిగి మెత్తబడ్డాయి. ఆ కీచులూ ఆ స, శ ల బుసలూ పోయి ఎంత హాయిగా ఉందో! అంతా నా నిగ్రహం ఫలితం.

"న్యూస్ చదివే ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడా?" అంది మృదుల. పన్నెండు వేలున్నాయని గర్వం.

అక్టోబర్ 17, శుక్రవారం
ఆశ్రిత వచ్చింది. మైకు ముందు వయొలిన్ మీద ఒక్క గీత గీసి ఆగిపోయింది. వెళ్ళి స్పీకర్ పైభాగానికి చెవి ఆనించింది.

"డాడీ, ట్వీటర్స్ ఆర్ డెడ్. బోత్."

"లేదమ్మా, మెత్తబడ్డాయి."

"మెత్తబడ్డాయి కాదు డాడీ. డెడ్! రెడ్ లైట్ వచ్చిందా?"

"ఆ వాసన మీ అమ్మ పోపు..."

"బుధవారం నేను పోపే పెట్టలేదు" అంది మృదుల.

కొత్తవి డబ్లిన్ నుంచి రావాలి, వచ్చే వారం. ఆశ్రిత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చాలా సిగ్గేసింది. మాట తప్పాను సరే, సగం చచ్చిన స్పీకర్లని మాధుర్యం అనుకుని రెండ్రోజులు మురిశాను కూడా.

భోజనం వేళకి తలుపు సందులోంచి మాట వచ్చింది. "నో మైక్. నో స్పీకర్స్. అలా అయితేనే ప్లే చేస్తా."

మైకు లేకుండానా? రెండొందల మంది తెలుగువాళ్ళ మధ్య? పక్కనే పులిహోర పెట్టుకుని?

అక్టోబర్ 18, శనివారం
సగం చచ్చిన స్పీకర్లతోనే ఫంక్షన్ నడిచింది. పెద్దవాళ్ళు ఒక్కరూ కనిపెట్టలేదు. "ఈసారి సౌండ్ భలే ఉందోయ్!" అన్నారు. పిల్లలు మాత్రం మొహాలు చూసుకున్నారు.

ఆశ్రిత వంతు. నేను స్విచ్ ఆపబోతుంటే మృదుల మైకు లాక్కుంది. "మా అమ్మాయి వాయిస్తున్నప్పుడు ఎవరు మాట్లాడినా భోజనాలు పది నిమిషాలు లేటు."

హాలు హాలంతా నోరు మూసుకుంది!

ఆశ్రిత మొదలుపెట్టింది. వయొలిన్ బో తీగని తాకేటప్పుడు చిన్న గరుకు ఉంటుంది. అది కూడా వినపడింది, నా పదకొండు వేల చెవులకి. ఇన్నేళ్ళూ నా కూతుర్ని నేను స్పీకర్లోంచే విన్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు.

అయిపోగానే రంగనాథ్ అంకుల్ లేచి, "వన్స్ మోర్!" ఆశ్రిత అనుమానంగా నా వైపు చూసింది. రెండు చేతులూ ఖాళీగా ఎత్తి చూపించా. నవ్వి మళ్ళీ వాయించింది.

అక్టోబర్ 22, బుధవారం
కొత్త ట్వీటర్లు బిగించా! ఆశ్రిత స్కూలుకి వెళ్తూ నాబ్ సగం దగ్గర నెయిల్ పాలిష్‌తో గీత గీసింది. "లాస్ట్ ఛాన్స్, డాడీ."

ప్రామిస్!

మధ్యాహ్నం: అంకుల్ ఉగాదికి కొత్త పద్యం ఎత్తుకున్నారట, రికార్డు చేసి పంపారు. ఎలా ఉందో చెప్పమన్నారు. పెద్దాయన అడిగితే కాదనలేం కదా. గీత దాటలేదు. గీత కాస్త మందంగా ఉంది, ఆవలి అంచు దాకా వెళ్ళా.

రాగం ఎత్తుకున్నారు. అబ్బ!

వన్స్ మోర్.

ఇల్లంతా పోపు మాడిన వాసన. మృదుల డ్యూటీలో ఉంది.

ప్రతిజ్ఞ: రేపట్నుంచి ఎర్ర లైటు వెలగదు గాక వెలగదు!