రంగు చుక్కల అంచు

4 ఆగస్టు 2014, సోమవారం

స్టాంపుల ఎగ్జిబిషన్‌కి ఇంకా పన్నెండు రోజులు. అక్కడ నేను పెట్టే ఫ్రేమ్ మొత్తం స్టాంపు కాని కాగితం గురించే. స్టాంపుల మధ్య ఖాళీగా వదిలితే గట్టర్, షీటు చుట్టూ ఉంటే సెల్వేజ్. మా ఆయన శ్రీరామ్‌కి వందసార్లు చెప్పాను. ఇప్పటికీ బోర్డర్ అంటాడు.

నౌపడ పోస్టాఫీసులో నాన్న కొనిచ్చిన స్టాంపుల షీటే నా ఫ్రేమ్‌కి ప్రాణం. నాలుగువైపులా సెల్వేజ్ ఉంది. కింది అంచున రంగు చుక్కలు, అచ్చుకి ఎన్ని రంగులు వాడితే అన్ని. వాటిని ట్రాఫిక్ లైట్స్ అంటారు. షీటు తీసి హాల్లో బల్ల మీద పెట్టుకున్నాను.

5 ఆగస్టు, ఉదయం 7

షీటుకి కింది అంచు లేదు.

5 ఆగస్టు, మధ్యాహ్నం

దొంగ మా మామయ్యే, శ్రీరామ్ వాళ్ల నాన్న. త్యాగరాజు మాస్టారు, విజయనగరంలో సగం మందికి వీణ నేర్పినాయన. ఒక్క స్టాంపు కూడా పాడవకుండా చిల్లుల వెంబడి చింపారట. ఉత్త కాయితమే కదా, వెనక జిగురు కూడా ఉందని నాలికతో తడిపి, నొటేషన్ పుస్తకంలో చిరిగిన పేజీకి అతికించేశారు. సెల్లోటేప్ పసుపెక్కిపోతుందని పైగా నాకే పాఠం.

నేను అన్నం తినలేదు. మామయ్యా తినలేదు.

6 ఆగస్టు

పొద్దున్నే మామయ్య పళ్లెంలో నీళ్లు పోసుకుని కూర్చున్నారు. కవర్ల మీది స్టాంపులు నేను నానబెట్టి తీయడం ఆయన చూస్తూంటారు. అలాగే అంచు ఊడదీసి ఇచ్చేస్తారట. పుస్తకం తెరిచారు. అప్పుడు చూశాను ఆ పేజీ. సిరా పెన్నుతో గుండ్రటి అక్షరాలు. మా అత్తగారు ప్రసూనాంబ రాసుకున్న వర్ణం. నేనీ ఇంటికి రాకముందే పోయారావిడ.

నీళ్లు తగిలితే సిరా పోతుంది కదా మామయ్యా అన్నాను.

"తెలుసు సుధా. వర్ణం నాకు నోటికొచ్చు. మీ నాన్న ఇచ్చిన కాయితం మళ్లీ ఎక్కడ దొరుకుతాది?"

పళ్లెం లాక్కుని నీళ్లు గులాబీ కుండీలో పోసేశాను. నిన్నంతా ఈ మనిషి మీద అలిగానా అని ఏడుపొచ్చింది. ఇద్దరం చద్దన్నం తిన్నాం.

16 ఆగస్టు, శనివారం

ప్రైజ్ రాలేదు. అంచు లేని షీటు అలాగే పెట్టాను. జడ్జి గారు కింది సెల్వేజ్ ఏదమ్మా అని అడిగారు. ఇంట్లో డ్యూటీలో ఉందండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మామయ్య మాత్రం సాయంత్రం దాకా నా ఫ్రేమ్ దగ్గర్నించి కదల్లేదు. వచ్చినవాళ్లందరికీ సెల్వేజ్ అంటే ఏంటో చెప్పారు. ఒక్కసారి కూడా బోర్డర్ అనలేదు.

2 సెప్టెంబర్

వర్ణం రెండో పేజీ కూడా చిరిగింది. షీటు పై అంచు నేనే చింపాను. నాలికతో తడిపింది మామయ్య.