వకీలింట్లో తెర

1957 జూలై 2

వాయిదాలు గుర్తుండటం లేదు. అందుకే పక్కింటి వేదవతి టీచరమ్మ చేత ఈ డైరీ రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు గూడానా ఓబులమ్మత్తా అని అడిగింది. అవే ముందు రాయమన్నాను.

బావి నాది. మా ఆయన తవ్వించాడు. సగం తనదని మరిది కొండయ్య దావా వేశాడు. నీళ్ళు సగమైతే నా చేను బీడే.

జూలై 9

ప్రొద్దుటూరు. నా వకీలు త్రివిక్రమరావుకు అంతా చెప్పుకున్నాను. నాకు ఒక్కతే సాక్షి, షాహీదాబీ. బావి తవ్వినప్పుడు మన్ను మోసింది. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలీదు నాయనా అన్నాను.

జూలై 23

మునసబు కోర్టు. మరిది వకీలు లేచాడు. బావి ఊసే ఎత్తలేదు. ఆ మూల నిలబడిందెవరో చెప్పవ్వా అని షాహీదాబీని అడిగాడు. నిలబడింది నేను. ఎవరో మొగాయప్ప అంది, నన్ను మగమనిషి అనుకొని. కోర్టంతా నవ్వింది.

ఆ వకీలు త్రివిక్రమరావు అల్లుడట. ఉగాది నుంచి ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బోర్డు. ఆ బోర్డు కిందుగానే లోపలికి పోయాను. నాకు చదువు రాదు కదా.

జూలై 24

త్రివిక్రమరావును అడగడానికి పోయాను. మామ గది, అల్లుడి గది, మధ్యలో పచ్చ తెర. తెర కట్టినాం గదమ్మా, ఈ పక్క మాట ఆ పక్కకు పోదు అన్నాడు. మీ ఇంట్లో తాలింపు వాసన ఈడికొస్తాంది, ఆపిందా అప్పా నీ తెర, అన్నాను. దగ్గాడు. జిల్లా జడ్జికి అర్జీ పెడతానని చెప్పి వచ్చేశాను.

జూలై 25

లేవలేదు. గంజి తాగాను.

జూలై 29

జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడ వీరభద్రయ్య అని ముసలి వకీలు ఉన్నాడు. వకీళ్ళ మీద ఫిర్యాదు వస్తే వకీళ్ళే ఆయన దగ్గరికి సలహాకు పరిగెత్తుతారట. వాళ్ళ రూల్సన్నీ ఆయనకు కంఠతా. నా పేరు చెప్పానో లేదో చేయి అడ్డం పెట్టాడు. నోరు తెరవొద్దమ్మా, మీ వకీలు నిన్ననే వచ్చి పోయినాడు, ఇంక నీ మాట నేను వినగూడదు అన్నాడు. ఒక్క మాటకే నీ సొమ్మేం పోతాది అని అరిచాను. వినలేదు. ఆయనకేం చెప్పినావో అదన్నా చెప్పు అన్నాను. అదీ చెప్పగూడదన్నాడు. మజ్జిగ మాత్రం ఇచ్చాడు.

బస్సులో తిట్టుకుంటూ కూర్చున్నాను. ఊరు దగ్గరపడేసరికి తిట్లు ఆగిపోయాయి. త్రివిక్రమరావు దగ్గర నేను కోరుకున్నది ఇదే కదా.

ఆగస్టు 3

త్రివిక్రమరావు ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. తెర చాలదన్నాడంట వీరభద్రయ్య. మామా అల్లుడూ ఇద్దరూ కేసు వదలాల, జరిగింది మునసబుకు ఒప్పుకోవాల అన్నాడంట. ఒప్పుకున్నానమ్మా అన్నాడు. ఫైలు నా చేతిలో పెట్టాడు.

షాహీదాబీ సాక్ష్యం మళ్ళీ తీసుకుంటారట. ఈసారి బావి దగ్గరే. రాళ్ళు తడిమి చెప్పేస్తాలే అంటోంది. మరిదిలాగే నేనూ కొత్త వకీలును వెతుక్కోవాలి. అంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ఓపిక లేదు.

ఆగస్టు 12, పులివెందుల

కొత్త వకీలు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. మా మరిది గాని ఈడికొచ్చి పోయినాడా నాయనా అని ముందే అడిగాను.

నిన్ననే వచ్చినాడమ్మా అన్నాడు.

మజ్జిగన్నా ఇయ్యి అన్నాను.