డాక్టరుకి చెప్పని ఉబ్బసం

రంగత్, అండమాన్,
ఆదివారం

అప్పకి,

ఫోన్లో చెప్తే ఏడ్చేస్తానని రాస్తున్నాను. పోయిన నెల బోటు ఇంజను ఆగిపోయి మా ఆయన రెండు రోజులు సముద్రంలోనే ఉండిపోయారు. క్షేమంగానే వచ్చారు. కానీ అప్పట్నుంచి ఆయన వేటకెళ్తే చాలు, నాకు గుండె దడ ఆగడం లేదు.

అత్త ఆస్పత్రికి తీసుకెళ్లింది. భయం వల్ల వచ్చిన దడేనని డాక్టరు మాత్రలు రాశారు. "ఔర్ కోయీ బీమారీ?" అని, ఇంకేదైనా జబ్బుందా అని అడిగితే, అత్త పక్కనే ఉందని లేదన్నాను. నా ఉబ్బసం సంగతి పెళ్లప్పుడు వీళ్లకి చెప్పలేదు కదా.

నిన్న మాత్ర వేసుకున్నాను. దడ తగ్గింది గానీ కాసేపటికి ఊపిరి పట్టేసి పిల్లికూతలు మొదలయ్యాయి. చీరల అడుగున దాచిన పీల్చే మందు తీసుకునే ఓపిక కూడా లేకపోయింది. అత్తే తెచ్చి నోటికందించింది.

తేరుకున్నాక, "ఇది నాకెప్పుడో తెలుసమ్మా. డాక్టరు అడిగినప్పుడు నేనైనా చెప్పాల్సింది" అంది.

ఆ మాత్ర ఉబ్బసానికి పడనట్టుంది, మానేశాను. రేపు ఇద్దరం వెళ్లి డాక్టరుకి అంతా చెప్తాం. శుక్రవారం ఆయన ఒడ్డుకొస్తారు. ఆయనకి తను చెప్తానంది అత్త. వద్దు, నేనే చెప్తానన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈ ఉత్తరం చూడగానే ఫోన్ చేసి, ఆ మొదటి మాట నువ్వు చెప్పు.

నీ చెల్లి