ఫోర్-డి-ఫ్రాన్స్‌కి ఒక సర్టిఫికెట్

అక్టోబర్ 5, శనివారం

తేల్చేశాను. జనవరికల్లా ఈ హోటల్ రిసెప్షన్ వదిలేస్తాను. ఫ్రెంచ్ మాట్లాడే మార్టినీక్ వెళ్ళి ఇంగ్లిష్ టీచర్‌నవుతాను. మబ్బు లేని రోజున సముద్రానికి అవతల ఆ దీవి ఇక్కడికే కనబడుతుంది. ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చున్నాను, ఇంక చాలు. పొద్దున అక్కడి రాజధాని ఫోర్-డి-ఫ్రాన్స్‌లో ఒక ఇంగ్లిష్ స్కూలుకి ఫోన్ చేశాను. జనవరిలో ఖాళీ ఉందట. సర్టిఫికెట్ ఉందా అని డైరెక్టరమ్మ అడిగింది. తెచ్చుకుంటానన్నాను. ఏ సర్టిఫికెట్ కావాలో అడగడం మరిచిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్టోబర్ 6, ఆదివారం

ఇంటర్నెట్‌లో ఈ సర్టిఫికెట్ల గోల చేపల బజారును మించిపోయింది. ఒకరు రెండు రోజుల్లో చేతిలో పెడతామంటారు. ఒకరిది నూట ఇరవై గంటలు, అంతా ఆన్‌లైన్, మనిషి మొహం కనబడదు. ఇంకొకటి ఏడాది డిప్లొమా, దానికి ముందే రెండేళ్ళు పాఠాలు చెప్పి ఉండాలట. చెప్పడం నేర్చుకోవడానికే కదా నేను వస్తున్నది! ఇక్కడే, మా రాజధాని కాస్ట్రీస్‌లో మరొకటి ఉంది. నాలుగు వారాలు. రోజూ నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని ఒకావిడ మన తప్పులు రాసుకుంటుంది. ఆ పేజీ గబగబా మూసేశాను.

అక్టోబర్ 8, మంగళవారం

రిసెప్షన్‌లో నా పక్కన కూర్చునే కర్విన్ దగ్గర ఆ రెండు రోజుల సర్టిఫికెట్ ఉంది. బంగారు రంగు ముద్రతో ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మాట్లాడేదానివి, నీకు మళ్ళీ నేర్చుకోడమేంటే మార్సెలిన్, చేపపిల్లకి ఈత నేర్పిస్తారా ఎవరైనా అని ఒకటే నవ్వు. ఆ ముద్ర చూపించి నీకు ఎక్కడ ఉద్యోగం వచ్చింది బాబూ అన్నాను. నవ్వు ఆగింది.

అక్టోబర్ 9, బుధవారం

సిగ్గు విడిచి డైరెక్టరమ్మకు మళ్ళీ ఫోన్ చేశాను. ఒక్కటే అడిగింది. నువ్వు పాఠం చెబుతుండగా ఎవరైనా కూర్చుని చూశారా అని. ఎవరూ చూడకుండా ఇచ్చిన కాగితం మాకొద్దు అంది.

కాబట్టి కాస్ట్రీసే. కోర్సు నవంబర్ 4న మొదలు. ఒక్క సీటే మిగిలింది, ఇది పోతే మళ్ళీ ఏడాదికి. ఇంటర్వ్యూ వచ్చే బుధవారం. నాలుగు వారాలు సెలవు కుదరదన్నాడు మేనేజర్. అయితే రాజీనామా తీసుకోండి అన్నాను. సెలవు కుదిరింది.

అక్టోబర్ 16, బుధవారం, సాయంత్రం

వీడియో కాల్. మిసెస్ పోలియస్ అనే ఆవిడ. నెరిసిన జుట్టు, తొందర లేని మాట. బాగానే సాగింది. చివర్లో, మీరు ఎప్పుడైనా మరో భాష నేర్చుకున్నారా, అదెలా ఉండింది అని అడిగింది. నేను వెన్ను నిటారుగా పెట్టి, లేదండీ, నేను పుట్టిందే ఇంగ్లిష్‌లో అన్నాను. మెప్పు వస్తుందనుకున్నాను. మీ ఊరెక్కడ అంది ఆవిడ. మికూ దగ్గర పల్లె అన్నాను. అలాగా అంది. అంతే.

అక్టోబర్ 18, శుక్రవారం

సీటు రాలేదు. పోనూ లేదు. నేర్చుకునేవాళ్ళ కష్టం మీకు తెలిసినట్టు అనిపించలేదు, నెలాఖరుకు చెబుతాం అని రాసింది.

నాకా కష్టం తెలియనిది!

అక్టోబర్ 19, శనివారం

కర్విన్ మాట వినాల్సింది. కాదు. వినకూడదు.

అక్టోబర్ 27, ఆదివారం

క్వెయోల్ దినం. ఏడాదికోసారి వచ్చే సంబరం. దేశమంతా మద్రాసు గళ్ళ బట్ట కట్టి, ఇంట్లో మాట్లాడే క్వెయోల్‌ని ఆ ఒక్కరోజు మైకులో మాట్లాడుతుంది. హోటల్ వాళ్ళు నాకూ గళ్ళ లంగా, తలపాగా ఇచ్చి గుమ్మంలో నిలబెట్టారు. వచ్చిన ప్రతి అతిథికీ క్వెయోల్‌లో శుభోదయం చెప్పాను. ఫొటోలు తీసుకున్నారు.

మధ్యాహ్నం ఆ వేషంతోనే అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. పచ్చి అరటికాయలూ ఉప్పుచేపా వండింది. తింటూ ఇంటర్వ్యూ సంగతి చెప్పాను. అమ్మమ్మ గరిటె కింద పెట్టింది. ఏమన్నావే, ఇంగ్లిష్‌లో పుట్టావా? అయితే ఆ పురిటి గదిలో ఉన్నది నేను కానేమో అంది. క్వెయోల్ భాషేంటే అమ్మమ్మా, అది ఉత్త ఇంటి మాట అన్నాను. ఇందాకటి నుంచీ ఏ మాటతో నా బుర్ర తింటున్నావే మరి అంది. నేను మాట్లాడుతున్నది క్వెయోలే.

తర్వాత చెప్పింది. బడిలో వేసేదాకా నాకు ఒక్క ఇంగ్లిష్ ముక్క రాదట. మొదటి రోజే బయటికి వెళ్ళాలని క్వెయోల్‌లో అడిగితే, ఆ మాట ఇక్కడ పనికిరాదు, ఇంగ్లిష్‌లో అడుగు అన్నారట. అడగడం రాక, తడిసిన గౌనుతో ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చానట. నీ గౌను నేనే ఉతికానే పిల్లా, ఆ రాత్రి నుంచి నలుగురిలో మన మాట మాట్లాడటానికి నువ్వు భయపడ్డావు, భాషంటే ఏడాదికోసారి కట్టే గుడ్డ అనుకున్నావా అంది.

నాకు గుర్తు లేదు అన్నాను. అబద్ధం. బెంచీ చల్లదనం కూడా గుర్తుంది. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల నేను కాదన్నట్టు బతికాను. తలపాగా విప్పి చాలాసేపు ఏడ్చాను. అమ్మమ్మ మాత్రం ఇంకో ముక్క చేప వడ్డించింది.

అక్టోబర్ 28, సోమవారం

పొద్దున్నే మిసెస్ పోలియస్‌కి ఫోన్ చేశాను. మీ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పానండీ, నేను భాష నేర్చుకున్నాను, ఇంగ్లిషే నేర్చుకున్నాను అన్నాను. గౌను సంగతితో సహా చెప్పేశాను.

ఆవిడ క్వెయోల్‌లో అడిగింది. ఆ రోజు టీచరు ఏం చేసి ఉంటే బాగుండేదో చెప్పమ్మా అని. నేనూ క్వెయోల్‌లోనే చెప్పాను. గుమ్మం వైపు చెయ్యి చూపించి, ఆ ఇంగ్లిష్ మాట ఒక్కసారి నాకు అందించి పంపితే సరిపోయేది అన్నాను. దీన్నే నాలుగు వారాలూ నేర్పుతాం మేము అంది ఆవిడ.

అక్టోబర్ 30, బుధవారం

సీటు వచ్చింది.

నవంబర్ 5, మంగళవారం

మొదటి పాఠం. పరువు పోయింది. మన బళ్ళలో లాగే అందర్నీ నిలబెట్టి గుడ్ మార్నింగ్ చెప్పించాను, వాక్యం చెప్పి వల్లె వేయించాను. పని కోసం ఇక్కడికొచ్చిన హైతీ మేస్త్రీలు, క్యూబా నర్సులు, పాపం పెద్దవాళ్ళు, లేచి నిలబడి అరిచారు. క్లాసంతా మీరొక్కరే మాట్లాడారు, వాళ్ళెప్పుడు మాట్లాడాలి అంది మిసెస్ పోలియస్. మొహం మాడిపోయింది. వెనక వరసలో ఇస్మేన్ అని హైతీ వంటావిడ పెదవి కూడా కదపలేదు. రేపు కుర్చీలు గుండ్రంగా వేస్తాను. నేను నోరు మూసుకుంటాను. ఆవిడ చేత మాట్లాడించకుండా ఈ కోర్సు వదలను.

నవంబర్ 13, బుధవారం

ఇవాళ ఇస్మేన్ ఇంగ్లిష్‌లో మొదటి ప్రశ్న అడిగింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది. టీచర్ గారూ, మీరు ఇంగ్లిష్ ఎక్కడ నేర్చుకున్నారు అని.

బడిలో, ఏడుస్తూ అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.