నీళ్లలో నిలబడిన రోజు

ప్రియమైన నాయనకు,

నీ పెద్దబిడ్డ సుగుణ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అవ్వ వేళకు మాత్రలు వేసుకుంటోందా? అమ్మ, తమ్ముడు ఎలా ఉన్నారు? ఫోన్ చేస్తే మరమగ్గాల మోతలో నీకు సగం వినపడదు. వినపడని సగానికి కూడా "సరే, సరే" అంటావు. ఈ సంగతి సగం విని సరే అనేది కాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. తమ్ముడి చేత చదివించుకోవద్దు, కళ్లద్దాలు పెట్టుకుని నువ్వే చదువు. చదివి భయపడొద్దు, అంతా మంచిగా అయిపోయిన సంగతే.

పని బాగానే ఉంది. శ్రీ సిటీలో మా ఫ్యాక్టరీ ఫోన్ ఛార్జర్లు చేస్తుంది. బెల్టు మీద నా ముందుకు వస్తాయి, పిన్ను సరిగ్గా ఉందో లేదో చూసి ముందుకు వదలాలి. రోజంతా కూర్చోలేక మిగతావాళ్లు మూలుగుతారు, నాకు కూర్చోవడం కొత్త కాదు కదా. ఎండ మన నగరిలో మాదిరే ఉంది గానీ సముద్రం గాలికి ఒళ్లు జిగటగా ఉంటుంది. హాస్టల్ సాంబారులో పప్పు వెతుక్కోవాలి. అమ్మ చేసే చింతకాయ తొక్కు ఒక సీసా పంపండి. వచ్చిన కొత్తలో మగ్గాల చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది, దిగులు పడొద్దు.

నా గదిలో ఉండే బంగారుపాళ్యం అమ్మాయి రేవతి గురించి చెప్పాను కదా. నా చక్రాల కుర్చీ తోసేది ఆమే. పోయిన ఆదివారం కంపెనీ వాళ్లు మా అందరినీ చెన్నై దగ్గర ఒక పెద్ద థీమ్ పార్కుకు బస్సులో తీసుకెళ్లారు. నేను రానన్నాను. రేవతి వినలేదు.

"ఈడ కూర్చోని గోడ సూస్తావా? నువ్వు రాకుంటే నేనూ పోను" అని నా బట్టలు కూడా తనే సంచిలో పెట్టేసింది.

లోపలికి పోయి తలెత్తి చూశాను నాయనా. చిక్కుపడిన నూలు మాదిరి ఇనుప పట్టాలు ఆకాశమంతా మెలికలు తిరిగి ఉన్నాయి. వాటి మీద మనుషులతో ఒక బండి తలకిందులుగా పరుగెత్తుతోంది. ఎక్కినవాళ్లు ప్రాణం పోయినట్టు అరుస్తున్నారు, దిగి పడీపడీ నవ్వుతున్నారు. నాకూ ఎక్కాలనిపించింది.

వరుసలో చాలాసేపు ఉన్నాక, బండి దగ్గర నిలబడినతను మమ్మల్ని ఆపేశాడు. నడవలేనివాళ్లను ఎక్కించకూడదట.

"మేం ఎత్తి కూర్చోబెడతాం గదప్పా, నీకేం కష్టం?" అంది రేవతి.

"బండి పైన ఆగిపోతే ఆ మెట్ల మీద దిగాల. ఒక మనిషి పట్టేదే కష్టం. ఈమెను ఎత్తుకోని ఎట్ల దిగుతారు?"

ఆ మెట్లు నేనూ చూశాను. అతను చెప్పింది నిజమే. కానీ అదంతా రేవతితోనే చెప్పాడు, నా ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. వెనక వరుసంతా నన్నే చూస్తోంది. ఇంకో దాని దగ్గరకు పోతే అక్కడా అదే మాట. "నన్ను బస్సులో వదిలేసి నువ్వు పో" అని ఏడ్చాను. నీ దగ్గర దాచేదేముంది.

రేవతి నా కుర్చీని బస్సు వైపు తిప్పలేదు. తిన్నగా, యంత్రంతో అలలు లేపే కొలను దగ్గరకు తోసుకుపోయింది. అక్కడ కాపలా ఉండే ఆమె అరవామె. వంగి, నా ముఖంలోకి చూసి, "నీచ్చల్ తెరియుమా అక్కా?" అంది. ఈత వచ్చా అని నన్నే అడిగింది! రాదన్నాను. పదేళ్ల పిల్లప్పుడు మేడ మీద నూలు ఆరేస్తూ కిందికి పడ్డానని, నడుము కింద స్పర్శ లేదని చెప్పాను. కాసేపు ఆలోచించి, "బయప్పడాదీంగ, నాన్ ఇరుక్కేన్" అంది. నేనున్నాను, భయపడొద్దని.

నాకు తేలే జాకెట్టు తొడిగి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరూ మోసుకుంటూ నీళ్లలోకి దిగారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాక కుర్చీ తీసేశారు. నా కాళ్లు పైకి తేలిపోయాయి. కాపలా ఆమె వాటిని నెమ్మదిగా కిందికి దించింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

తెరిచేసరికి నా ఎదురుగా రేవతి పాపిట ఉంది. నాయనా, ఇన్నేళ్లూ నేను మనుషుల గడ్డాలే చూశాను. ఒకరి పాపిట పైనుంచి చూడడం అదే మొదలు.

"నా కాళ్లు నేల మీద ఉండాయా?" అని అడిగాను. నాకు తెలియదు కదా.

రేవతి ముక్కు మూసుకుని మునిగింది. దగ్గుకుంటూ పైకి లేచింది. "ఉండాయక్కా! రెండు పాదాలూ ఆనుకోనే ఉండాయి! సూడు, నా కన్నా జానెడు పొడుగుండావు. ఇంత పొడుగు యాడ దాచిపెట్టినావు?"

నవ్వానో ఏడ్చానో తెలియదు. అంతలో గంట మోగింది. దూరంగా నీళ్లు గోడ మాదిరి లేచి వచ్చాయి. కాపలా ఆమె నా జాకెట్టు పట్టుకుంది, నేను రేవతి చెయ్యి పట్టుకున్నాను. అల వచ్చి, కొలనులో ఉన్న వాళ్లందరినీ ఒక్కసారిగా ఎత్తింది. ఆ క్షణాన ఎవరి కాళ్లూ నేల మీద లేవు నాయనా, ఎవరివీ. తర్వాత అందరితో పాటు నన్నూ దించి మళ్లీ నిలబెట్టింది. చేతుల తోలు ముడతలు పడేదాకా నేను బయటికి రాలేదు.

పడినప్పుడు నేను నీ నడుము దాకా ఉండేదాన్ని. ఆ తర్వాత నేనెంత పెరిగానో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు నీ చెవి దాకా వస్తానని నాకు అనిపిస్తోంది. చక్రాల్లో పడతాయని అమ్మ నా పావడాలు పొట్టిగా కుట్టిస్తుంది కదా. ఈసారి వద్దని చెప్పు. నువ్వు నేసిన చీర ఒకటి పంపు. చక్రాలకు తగలకుండా నేను మడుచుకుంటాను.

అవ్వ కాళ్లకు నా తరఫున మొక్కు. అమ్మకు ఈ సంగతి నువ్వే చెప్పు, నీళ్లలో దిగానని ముందే అనకు, నిలబడ్డానని ముందు చెప్పు. తమ్ముడికి నా ముద్దులు. నీ దీవెన నాకెప్పుడూ ఉండాలి.

నీ పొడుగాటి బిడ్డ,
సుగుణ